లెక్కలోకి రాని మిరపనీళ్ళు

ఏ ఊళ్ళో దిగినా నేను ముందు చూసేది అక్కడి మురుగుకాలువ. కోటలూ మసీదులూ ఊరు తన గురించి చెప్పుకోవాలనుకున్నవి చెబుతాయి. కాలువకి ఆ మొహమాటం లేదు. రంగూన్‌లో బియ్యం కడిగిన తెల్లనీళ్ళు చూశాను. మెకాంగ్ ఒడ్డున చేపల పొలుసు ఎండకి మెరుస్తూ పోవడం చూశాను. తిరిగి తిరిగి కాళ్ళు అరిగాక సుమత్రా పడమటి తీరంలో, ఈ పదాంగ్ నగరంలో కాఫీకొట్టు మీద గది తీసుకుని ఆగిపోయాను. ఇక్కడి కాలువలో పొద్దున్నే మిరపగింజలు తేలతాయి. గట్టున ఏ ఇంటి దగ్గర గింజలు ఎక్కువుంటే ఆ ఇంట్లో ఆరోజు చుట్టాలున్నారని అర్థం.

ఆ కాలువని చదవడమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి గుస్నిత. ఆగస్టులో పుట్టింది కాబట్టి ఆ పేరు. ఈ ఊళ్ళో ఆ నెలలో పుట్టిన సగంమంది ఆడపిల్లల పేర్లు అలాగే మొదలవుతాయి. మా వీధి మలుపులో రేకుల ఇల్లు వాళ్ళది. తల్లి బజారులో బట్టలమ్మేది, తెల్లారకుండా వెళ్ళి పొద్దుగూకాక వచ్చేది. పిల్లని పెంచింది తల్లికి అక్క, దర్నిస్. అమ్మ అక్కని ఇక్కడ మక్‌తువో అంటారు. వీధి మొత్తానికి ఆవిడ మక్‌తువోనే.

ఇక్కడ ఇల్లు ఆడవాళ్ళది, తల్లి నుంచి కూతురికి పోతుంది. మగవాళ్ళు మీసం రాగానే సముద్రం దాటి బతకడానికి పోవాలి. పోనివాడు కాఫీకొట్టు దగ్గర మాట పడాల్సిందే. వెళ్ళి తిరిగొచ్చినవాడు పెద్దమనిషి. దర్నిస్ తమ్ముడు అస్రిల్ అలా తిరిగొచ్చి, వీధి మొదట్లో కాఫీకొట్టు పెట్టాడు, నా గది దాని మీదే. పచ్చిగుడ్డు నురగలొచ్చేలా గిలకొట్టి టీలో కలిపి ఇవ్వడంలో ఆయనకి పేరు. మేనమామని వీళ్ళు మామక్ అంటారు. ఇంటి విషయాల్లో కడపటి మాట మామక్‌ది. ఆ మాట ఏమై ఉండాలో ముందే తేల్చేది మాత్రం మక్‌తువో దర్నిస్.

దర్నిస్ వంటమనిషి అంటే సరిపోదు. పెళ్ళయినా చావయినా మా వీధిలో పెద్ద బాణలి దగ్గర గరిటె ఆవిడదే. గొడ్డుమాంసం కొబ్బరిపాలలో, మిరపముద్దలో పొద్దున్నుంచి సాయంత్రందాకా మగ్గి నల్లబడి నూనె తేలితే దాన్ని రెందాంగ్ అంటారు. ఆవిడ ఒక్కసారి కూడా రుచి చూసేది కాదు. బాణలి మీద ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని, వాసన పీల్చి, "ఇంకా పచ్చిగా ఉంది" అనేది. లేదా "దించండి" అనేది. ఆ ముక్కుకి అప్పీలు లేదు.

గుస్నిత చిన్నతనమంతా ఆవిడ కాళ్ళ దగ్గర గడిచింది. కాలువ పక్కన కుళాయి కింద చతికిలబడి పండుమిరపకాయలు తొడిమలు తీసి కడగడం ఆ పిల్ల పని. అందుకే దాని చేతులకి మిరపమంట తెలియదు. మిరపఘాటుకి నేనైతే వీధి చివరినుంచే దగ్గుతాను. మిరపయార్డులున్న జిల్లాలో పుట్టినవాణ్ణే, అయినా వీళ్ళ ముందు ఓడిపోయాను. నిజానికి మిరపకాయ మనదీ కాదు, వీళ్ళదీ కాదు. ఎక్కడో అవతలి సముద్రం నుంచి ఎవరి ఓడల్లోనో వచ్చింది. వచ్చి ఎంతకాలమైందో అడిగితే మనవాళ్ళూ వీళ్ళూ ఒకే జవాబు చెబుతారు, అది ఎప్పుడూ ఇక్కడే ఉందని.

గుస్నిత జావాకి పోయి గణాంకశాస్త్రం చదివి, అక్కడే ఉండిపోతుందనుకుంటే తిరిగొచ్చింది. ఆరోగ్యశాఖ ల్యాబులో ఉద్యోగం. కొత్త జబ్బు ఊళ్ళోకొచ్చిన మొదటి ఏడాది, కాలువల్లో నీళ్ళు తెచ్చి, వాటిలో వైరస్ వెతికి, ఎంతమందికి సోకిందో అంచనా కట్టే పని ఆమెకి అప్పగించారు. జనం పరీక్ష చేయించుకోడానికి భయపడేవాళ్ళు. కానీ దొడ్డికి వెళ్ళడం మానలేరు కదా.

కొట్టు దగ్గర ఆ సంగతి తెలిసిన రోజున నేనక్కడే ఉన్నాను.

"సముద్రం దాటి చదివొచ్చింది దేనికిరా అంటే, మన దొడ్డికెళ్ళింది తూచడానికట!" అన్నాడు మామక్ అస్రిల్ గుడ్డు గిలకొడుతూ.

"తూచడం కాదు మామక్, లెక్కకట్టడం" అంది గుస్నిత.

"తేడా ఏంటో?"

"తూచేవాళ్ళు ముక్కు మూసుకోవాలి. లెక్కకట్టేవాళ్ళకి ఆ బాధ లేదు."

బల్లలు చరిచి నవ్వారు. చేపల బేరగాడొకడు ముందుకి వంగి, "అయితే చెప్పమ్మా, నిన్న మధ్యాహ్నం నేనేం తిన్నానో?" అన్నాడు.

"మీరేం తిన్నారో నాకెందుకు పాక్? మీరెంతమందున్నారో తెలిస్తే చాలు."

పెద్ద మగవాళ్ళని ఇక్కడ పాక్ అంటారు. ఆమె అన్న ఈ మాట నాకు గుర్తుండిపోయింది. ఎందుకు గుర్తుండిపోయిందో తర్వాత తెలిసింది.

ఆ లెక్క ఎలా కడతారో ఆమె నాకు చెప్పలేదు. మక్‌తువోకి చెబుతుంటే విన్నాను. ఆవిడ వెల్లుల్లి ఒలుస్తూ, "ఒకరోజు కాలువలో మోకాల్లోతు నీళ్ళుంటాయి, ఒకరోజు పాదం కూడా తడవదు. మరి అందులో రోగం ఎక్కువైందో తక్కువైందో ఎట్లా చెప్తావే పియాక్?" అంది. ముద్దొచ్చిన ఆడపిల్లని ఇక్కడ పియాక్ అంటారు. గుస్నితకి జుట్టు నెరవడం మొదలైనా ఆవిడకి పియాకే.

"కూరలో నీళ్ళెక్కువైతే ఉప్పూ తగ్గినట్టుంటుంది, కారమూ తగ్గినట్టుంటుంది కదా మక్‌తువో. నీళ్ళెన్ని పోశారో తెలియకపోయినా, కారంతో పోలిస్తే ఉప్పెంతుందో చెప్పొచ్చు. అలాంటిదే. మిరపమొక్కకి ఒక తెగులొస్తుంది, ఆకుమీద లేతమచ్చలు పడతాయి చూడు. ఆ తెగులు వైరస్ మనిషినేం చెయ్యదు. కాయతోపాటు నోట్లోకి పోయి, అరక్కుండా మర్నాడు బయటికొచ్చేస్తుంది. కారం తినే ప్రతివాడి దగ్గర్నుంచీ వస్తుంది."

"కారం తిననివాడు ఎక్కడుంటాడే?"

"అందుకే. కాలువలో అదెంతుందో చూస్తే మనుషులెంతమందో తెలుస్తుంది. జబ్బు వైరస్‌ని దాంతో భాగిస్తాను. వానొచ్చినా ఎండొచ్చినా రెండూ కలిసే పల్చబడతాయి, కలిసే చిక్కబడతాయి."

మక్‌తువోకి ఇది మహా నచ్చింది. "అంటే మన మిరపకాయే మన తలల లెక్కన్నమాట! కనిపెట్టింది మనవాళ్ళే అయ్యుంటారు."

"కాదు. కారం తినని దేశాలవాళ్ళు."

"ఓసి! మరి వాళ్ళకేం తెలుసే మిరపకాయ గురించి?"

ఇద్దరూ కన్నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు. వెల్లుల్లి ఘాటు కూడా తోడైంది.

మొదటి ఏడాది ఆ లెక్క నిలబడింది. వారంవారం లెక్కకట్టి గుస్నిత కాగితంమీద గీసిన గీత పైకి లేచిన కొన్నాళ్ళకే ఆసుపత్రి వరండాల్లో మంచాలు పడ్డాయి. గీత లేవగానే మక్‌తువో ఒప్పుకున్న పెళ్ళివంట ఒకటి చెయ్యనని చెప్పి గరిటె గోడకి తగిలించింది. పెళ్ళివాళ్ళు శాపనార్థాలు పెట్టి, తర్వాత ఆసుపత్రి సంగతి విని కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. అప్పటినుంచి మా వీధిలో పలకరింపే మారిపోయింది. "తిన్నారా" అని అడగడానికి బదులు "కాలువ ఏమంటోంది?" అనేవాళ్ళు.

ఆ ఏడాది రంజాన్‌కి ముందు జరగాల్సిన సామూహిక వంట జరగలేదు. ఉపవాసాల నెల మొదలయ్యేముందు ఇక్కడ ప్రతి వీధీ కలిసి రెందాంగ్ వండుతుంది. వండి పంచుకుని, ఏటికిపోయి నిమ్మరసం కలిపిన నీళ్ళు తలమీద పోసుకుని, ఒకరినొకరు క్షమాపణ అడుగుతారు. అప్పుడే ఉపవాసం. మక్‌తువో చిన్న గిన్నెలో ఇంటికి సరిపడా వండుకుని, దానివంక చూసి, "పిల్లలు బొమ్మలకి వండినట్టుంది" అంది. ముక్కు దగ్గరికి కూడా తీసుకోలేదు.

రెండో ఏడాది వచ్చింది. కొండలమీద మిరప విరగకాసింది. ఉపవాసాలు దగ్గరపడితే కాయ దొరకదని అందరికీ తెలుసు, కాబట్టి చవగ్గా ఉన్నప్పుడే బస్తాలు దింపుకోవడం ఇక్కడి ఆడవాళ్ళ అలవాటు. కడిగి, ఉప్పేసి ఒక పొంగు రానిచ్చి, సన్నికల్లు మీద నూరి జాడీలకెత్తుతారు. నెలంతా అదే ముద్ద. ఆ ఏడాది ఎవరూ ఒక బస్తాతో ఆగలేదు. కుళాయిల కిందనుంచి ఎర్రటి నీళ్ళు పగలల్లా కాలువలోకి పారాయి. పైగా వానల్లేవు. కాలువ సన్నబడి, ఎర్రదారంలా ఉండేది.

గుస్నిత అప్పుడప్పుడూ నీళ్ళు తెచ్చే మనిషితో తనే వెళ్ళేది. ఒక పొద్దున్న మా వీధి కాలువ పెద్దకాలువలో కలిసే చోట వంగి సీసా ముంచబోతూ తుమ్మింది. ఆగకుండా తుమ్మింది.

"జబ్బేమో చూసుకోండి ఊని" అన్నాడతను, చేతిరుమాలు ఇస్తూ. అక్కని ఇక్కడ ఊని అంటారు.

"జబ్బు కాదు, మా మక్‌తువో" అంది గుస్నిత ముక్కు తుడుచుకుంటూ. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. సీసా మూతబెట్టి ల్యాబుకి పట్టుకెళ్ళింది.

ల్యాబులో జబ్బు వైరస్ కాస్త పెరిగినట్టు కనిపించింది. మిరప వైరస్ బాగా పెరిగింది. దానికి అర్థం ఆమెకి వెంటనే తట్టింది. వానల్లేక కాలువ చిక్కబడింది, అందుకే రెండూ పెరిగాయి. అలాంటి సమయం కోసమే కదా భాగహారం. భాగించింది. గీత కిందికి వంగింది. ఆ పై వారం ఇంకాస్త వంగింది. కూడికలు మళ్ళీ చూసుకుంది, తప్పు లేదు. గీత చుట్టూ ఒక లేతనీడ వేస్తుంది ఆమె. అసలు సంగతి ఈ నీడలో ఎక్కడైనా ఉండొచ్చని దాని భావం. ఆఫీసు పెద్దలు నీడని చూడలేదు. ఏటి స్నానాలు ఆపితే జనం ఊరుకోరని వాళ్ళ భయం వాళ్ళది. కిందికి దిగే గీత వాళ్ళకి దేవుడిచ్చినట్టనిపించింది. నిజం చెప్పాలంటే ఆ నీడ కూడా గీతతోపాటే కిందికి దిగింది. మిరపకాయ తలల లెక్కేనని నమ్మి వేసిన నీడ అది.

ఆ సాయంత్రం మక్‌తువో ఇంటి వెనక అందరూ కూర్చుని ఉన్నారు. మామక్ నాకూ ఒక ముక్కాలిపీట వేశాడు. కుళాయి కింద పెద్ద తొట్టి, తొట్టినిండా పండుమిరప. గుస్నిత ఆఫీసు బట్టలతోనే చతికిలబడి, చేతులు మోచేతిదాకా ముంచి కడుగుతోంది. మక్‌తువో కూతురు ఎల్ఫిత్రి పక్కన తొడిమలు తీస్తోంది. ఎల్ఫిత్రి బడిపంతులమ్మ. ఏ మాటనీ ఒకసారి అడిగి వదలదు.

"ఏమంటోంది కాలువ?" అన్నాడు మామక్.

"తగ్గుతోంది."

"తగ్గుతోందా, తగ్గిపోయిందా?"

"తగ్గుతోంది మామక్. ఇలాగే ఉంటే ఉపవాసాలనాటికి ఇంకా తగ్గాలి."

మక్‌తువో చేతులు చాచి వేళ్ళు విరిచింది. "ఏడాదినుంచి నా గరిటె ఎండిపోయింది. ఈసారి పెద్ద బాణలి దింపండి."

"ఇంకో ఏడాది ఆగితే ఏం పోతుందమ్మా?" అంది ఎల్ఫిత్రి.

"ఏం పోతుందా? నేను పోతాను. నా తర్వాత మీరు వండుకుంటారులే, పప్పుచారులా!"

"నీ నోట్లో అన్నీ అలాంటి మాటలే." ఎల్ఫిత్రి తొడిమ తీస్తున్న చెయ్యి ఆపి గుస్నిత వంక చూసింది. "నువ్వు చెప్పు. ఖాయంగా తగ్గిందంటావా? నువ్వంటే నేనింక మాట్లాడను."

"లెక్క అలా చెప్తోంది ఊని."

"లెక్కని కాదు, నిన్నడుగుతున్నా."

గుస్నిత తొట్టి వంచింది. ఎర్రనీళ్ళు జారి, జాలీలోంచి కాలువలోకి దూకాయి. "నేనూ అదే చెప్తున్నా" అంది.

ఎల్ఫిత్రి ఇంక మాట్లాడలేదు. ఇచ్చిన మాటమీద నిలబడింది.

వంట జరిగింది. చుట్టుపక్కల వీధులవాళ్ళూ వచ్చారు. బాణలి ఆవిరికి అందరి ముఖగుడ్డలూ గడ్డం కిందికి జారిపోయాయి, ఆ ఘాటులో గుడ్డ కట్టుకుని ఊపిరి తీసుకోవడం ఎవరివల్లా కాదు. మక్‌తువో బాణలి మీద వంగి కళ్ళు మూసుకుంది. అందరూ ఊపిరి బిగబట్టారు. "దించండి" అంది. చప్పట్లు కొట్టారు. నా జన్మలో అంత మంచి కూర తినలేదు. ఆ మాట ఇప్పుడు రాయడానికి చెయ్యి సాగడం లేదు గానీ, నిజం అదే. మర్నాడు ఏటిదగ్గర నిమ్మనీళ్ళు తలమీద పోసుకుని, "తెలిసీ తెలియకా చేసిన తప్పులు క్షమించండి" అని ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. గుస్నిత కూడా మక్‌తువో చేతులు పట్టుకుని ఆ మాట అంది. ఆ రోజున అది అందరూ అనే మాట.

ఉపవాసాలు మొదలయ్యాక ఒక సాయంత్రం, ఉపవాసం విడిచే వేళకి వంట చేస్తూ మక్‌తువో లవంగాల డబ్బా ఎత్తి మూతి విరిచింది. "చచ్చు లవంగాలు అంటగట్టాడు వెధవ. వాసనే లేదు." యాలకులు తీసింది. "ఇవీ అంతే." ఎల్ఫిత్రి పక్కనే ఉంది. ఆ లవంగాల ఘాటు ఆమెకి గుమ్మందాకా తెలుస్తోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డబ్బా మూత పెట్టింది ఎల్ఫిత్రి. మక్‌తువో పొయ్యి ఆర్పి గోడకి చేరబడింది.

ఆసుపత్రిలో చోటు దొరకడానికి మామక్ తిరగని గుమ్మం లేదు. దొరికాక ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. పండగ చంద్రుడు కనిపించకముందే మక్‌తువో పోయింది. వీధిలో ఎంతమంది శవాలకో స్నానం చేయించిన మనిషికి వీధి ఆడవాళ్ళు నీళ్ళు పొయ్యలేకపోయారు. తెల్లదుస్తులవాళ్ళు బండిలో తెచ్చి, దూరంగా నిలబడమని చేతులూపి, మట్టి కప్పి వెళ్ళారు. మా వీధిలోనే ఇంకా ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ పేర్లు రాయను.

ఆ రోజుల్లోనే గుస్నిత గీత నిచ్చెన వేసినట్టు లేచింది. కొత్తరకం వైరస్ హఠాత్తుగా ఊరిమీద పడిందన్నారు ఆఫీసులో. ఆమెకీ అలా అనుకోవాలనే ఉంది.

ఏడో రోజు ప్రార్థనలకి వంట చెయ్యాలి. కొద్దిమందికే. ఎల్ఫిత్రి మిరపకాయలు తొట్టిలో పోసి తోసింది, గుస్నిత అలవాటుగా కుళాయి కింద కూర్చుంది. కడిగింది. తొట్టి వంచింది. ఎర్రనీళ్ళు జాలీలోకి జారుతుంటే ఆమె చేతులు అలాగే ఉండిపోయాయి.

"ఏంటే? ఉంగరం పడిపోయిందా?" అంది ఎల్ఫిత్రి.

గుస్నిత మిగిలిన నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని, చేతులు కూడా తుడుచుకోకుండా వెళ్ళిపోయింది. ప్రార్థనలకి ఆలస్యంగా వచ్చింది.

ఆ సీసాలో ఉన్నంత మిరప వైరస్ వీధి మొత్తం పొట్టలోంచి కూడా రాదు. పొట్ట దాకా పోనక్కర్లేకుండా కాయ మీదనుంచీ గింజలనుంచీ తిన్నగా కాలువలోకి వచ్చింది. వీధి వీధంతా బస్తాలు కడుగుతుంటే, ఆమె లెక్కకి ఊళ్ళో జనం పెరిగినట్టు కనిపించింది. పెరిగిన జనంతో భాగిస్తే జబ్బు తగ్గినట్టు కనిపించింది. ఉపవాసాలు మొదలై కడగడం ఆగగానే జనం మాయమైనట్టయి, గీత ఎగిరింది. కడిగిన నీళ్ళు తీసేసి మళ్ళీ లెక్క కడితే, గీత ముందునుంచీ మెల్లగా ఎక్కుతూనే ఉంది. ఏ రోజునా దిగలేదు.

"తుమ్మాను కదా పాక్," అంది ఒకసారి కొట్టు దగ్గర నాతో, టీ చల్లారిపోతుంటే. "ఆ తుమ్ముని ఏ గడిలో రాయాలి నేను? పరాయిదేశం మనిషైతే, ఏంటీ ఘాటు, ఏంటీ ఎర్రనీళ్ళు అని అడిగేవాడు. నాకది మా ఇంటి వాసన. ఇంటి వాసన ఎవరికి తెలుస్తుంది?"

ఆఫీసులో ఆమె ఏదీ దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మిరపని వదిలేసి, మనిషి పేగులో తప్ప ఎక్కడా బతకని సూక్ష్మజీవితో భాగించడం మొదలుపెట్టారు. కారం తినే ఇతర ఊళ్ళవాళ్ళు విని, మేమూ మార్చుకున్నామని చెప్పి పంపారు. వచ్చి మాట్లాడమన్నారు. ఆమె వెళ్ళలేదు.

ఆమెకి చెప్పాలని ఉన్న మనిషి వేరే ఉంది. పండగ వెళ్ళాక ఎల్ఫిత్రిని వెనకవైపు కూర్చోబెట్టి అంతా చెప్పిందట. ఎర్రనీళ్ళ సంగతి, భాగహారం సంగతి, తుమ్ము సంగతి. ఎల్ఫిత్రి చివరిదాకా వింది. తర్వాత అంది:

"అంటే మా అమ్మ కడిగిన మిరపకాయలే మా అమ్మని చంపాయంటావు."

"అది కాదు ఊని…"

"అదేగా చెప్పావ్? మేం బస్తాలు కడక్కపోతే నీ లెక్క బాగుండేది. నీ లెక్క బాగుంటే మా అమ్మ బాగుండేది. మరి ఆ బస్తాలు దింపించింది ఎవరు? నేను. కడిగింది ఎవరు? మా అమ్మ. నువ్వు."

గుస్నిత ఎల్ఫిత్రి ముఖంలోకి చూసింది. చూసి, అప్పటిదాకా చెప్పిందంతా వెనక్కి తీసుకుంది.

"కాదు ఊని. అదంతా ఊరికే అన్నా. నా కూడిక తప్పింది. అంతే. మిరపకాయలకీ దానికీ ఏ సంబంధం లేదు."

వీధికంతా ఆ మాటే మిగిలింది. కూడిక తప్పింది. "అంత చదువు చదివి కూడికలు రాలేదట" అనేవాళ్ళు, ఆమె వినేలా. ఎగతాళి ఈ ఊరి జబ్బు, మామూలప్పుడైతే ఆమె రెండింతలు తిప్పికొట్టేది. ఇప్పుడు తలొంచుకుని పోయేది. కొన్నాళ్ళకి ఎగతాళి కూడా ఆగిపోయింది. ఆమె కొట్టు ముందునుంచి వస్తుంటే మామక్ గుడ్డు గిలకొట్టడం ఆపేవాడు, బల్లల దగ్గర మాటలు ఆగేవి. కాలువ ఏమంటోందని ఎవరూ అడగలేదు. తిట్టించుకున్న రోజులే నయమని ఆమె ముఖం చూస్తే అనిపించేది. అసలు సంగతి తెలిసిన నేను ఒకటి రెండుసార్లు నోరు తెరవబోయాను. ఆమె చూసిన చూపుకి మూసుకున్నాను.

మళ్ళీ ఉపవాసాలు దగ్గరకొచ్చాయి. జబ్బు బాగా నెమ్మదించింది, కొత్త లెక్క కూడా అదే చెబుతోంది, ఆసుపత్రులూ అదే చెబుతున్నాయి. వీధి పెద్ద బాణలి దింపింది. గరిటె పట్టుకోమని ఆడవాళ్ళు ఎల్ఫిత్రిని బతిమాలారు. ఆమె ముందు ఒప్పుకోలేదు. చివరికి, "అమ్మలాగ రాదు. నేను రుచి చూస్తాను" అని ఒప్పుకుంది.

వంటకి ముందు పగటిపూట నేను పైగది కిటికీలోంచి చూస్తున్నాను. ఎల్ఫిత్రి కుళాయి కింద ఒక్కతే మిరపకాయలు కడుగుతోంది. గుస్నిత ఆఫీసునుంచి వచ్చి, పిలవకపోయినా గుమ్మంలో నిలబడింది. పోయిన ఏడాది తర్వాత ఆ వెనకవైపుకి ఆమె రావడం నేను చూడలేదు.

ఎల్ఫిత్రి తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది. కడగడం అయ్యాక తొట్టి వంచలేదు. ఎర్రనీళ్ళు బకెట్లోకి వంపింది. నడుము పట్టుకుని లేచి, బకెట్ మోసుకుంటూ జాలీ దాటి, కాలువ దాటి, ప్రహరీ దగ్గరున్న అరటిచెట్టు మొదట్లో పోసింది. ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చి మళ్ళీ కూర్చుంది.

"అట్లా చూస్తావేంటి?" అంది గుస్నితతో. "బట్టలు పాడవుతాయనా? తొడిమలు తీద్దువు రా."

కొత్త లెక్కలో మిరపకి చోటు లేదని, ఆ నీళ్ళు ఇప్పుడు కాలువలో పోసినా ఏమీ కాదని గుస్నిత ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. పక్కన చతికిలబడి తొడిమలు తియ్యడం మొదలుపెట్టింది. రెండో తొట్టి నీళ్ళు వంపాక బకెట్ ఆమే అందుకుంది. అరటిచెట్టు దాకా మోసుకెళ్ళి, మొదట్లో మెల్లగా పోసి, ఆ నీళ్ళు ఇంకిపోయేదాకా అక్కడే నిలబడింది.